గుండీల టీచరు మీద నేను రాసిన ఉత్తరం

పోయిన నెల మా మనవరాలి బడిలో అవ్వాతాతల దినం జరిపారు. మైలాపూరులో మాడవీధుల వెనక ఉండే బడి అది. మోకాళ్ళు వద్దంటున్నా, పిల్ల చిన్నబుచ్చుకుంటుందని చీర కట్టుకుని వెళ్ళాను. ఒకటో తరగతి గదిలో మమ్మల్ని పసిపిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు. వాటిలోంచి మళ్ళీ లేవగలమా అన్నదే ఆ పూటంతా మా ముసలివాళ్ళ దిగులు. పిల్లలకు సైన్సు చేతులతో నేర్పుతున్నామని చెప్పి, టీచరు ఒక్కో జట్టు ముందు ఒక్కో రంగుల పెట్టె పెట్టింది. అందులో ఆకు, రాయి, పిల్లి, చేప, యాపిల్ పండు, చెంచా. ప్రాణమున్నవి ఒక పళ్ళెంలో, లేనివి ఇంకో పళ్ళెంలో వేరు చేయాలి. మా మనవరాలు ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, వాసన చూసి, చివరికి అన్నిటినీ కలిపి ప్రాణం లేని పళ్ళెంలో కుమ్మరించింది. "ఎల్లామే ప్లాస్టిక్ దానే మిస్!" అంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లే గానీ బడి గడప తొక్కితే దానికి తమిళమే వస్తుంది. అన్నీ ప్లాస్టిక్కే కదా అని దాని వాదన. టీచరు ఓపిగ్గా, పిల్లిని నిజం పిల్లి అనుకోవాలి కన్నా అని నచ్చజెబుతుంటే నేను ఉండబట్టలేక గట్టిగా నవ్వేశాను. మా అమ్మాయి మోచేత్తో పొడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ నవ్వు దిగిపోయింది. పిల్లల చేతికి నిజమైన వస్తువులిచ్చి, వేరు చేయమని చెప్పి, సైన్సు నేర్పిన టీచరు ఒకావిడ నాకు తెలుసు. నేను ఆవిడ దగ్గరే చదువుకున్నాను. ఆ క్లాసును ఆపించిన ఘనురాలిని కూడా నేనే.

అప్పుడు మేం పెరంబూరులో ఉండేవాళ్ళం. నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సాయంత్రం సైరన్ కూసిన కాసేపటికి వీధి మలుపులో సైకిళ్ళు కనబడేవి. సైకిళ్ళకంటే ముందు గ్రీజు వాసన వచ్చేది. నాయన పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని ముందు కిరసనాయిలుతో, తరువాత సబ్బుతో, ఆ తరువాత సీకాయ పొడితో చేతులు కడుక్కునేవాడు. మా అవ్వ, అంటే నాయనమ్మ, ఆ చేతులు వాసన చూసి "ఇంకా పోలా" అనేది. నాయన మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళేవాడు. వర్క్‌షాపులో పదిమందిని అదిలించే మనిషి ఇంట్లో అలా చేతులు చాపి నిలబడడం నాకు రోజూ చూసే వినోదం. మా వాళ్ళు నెల్లూరు వైపు నుంచి ఎప్పుడు వచ్చారో అవ్వకే తెలియదు. అడిగితే "మేమెక్కడ వచ్చినాం, ఊరే మన మీదికి వచ్చింది" అనేది.

అవ్వకు వేరు చేయడం ఒక జబ్బు. పొద్దున్నే కాఫీ తాగగానే చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఒక పక్కకి, వడ్లగింజలు ఒక పక్కకి, నూకలు ఒక పక్కకి తోసేది. ఆ చేట చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. అంతటితో ఆగేది కాదు. లోకంలో ఉన్న ప్రతి పదార్థమూ ఆవిడ లెక్కలో అయితే వేడి, కాకపోతే చలవ. మామిడిపండు వేడి, మజ్జిగ చలవ, బొప్పాయి వేడి, పెసలు చలవ. మనుషులూ అంతే. మా అమ్మ చలవ మనిషి, పెద్దత్త వేడి మనిషి; అందుకని పెద్దత్త వచ్చిన రోజు ఇంట్లో తప్పకుండా మజ్జిగ పులుసు. నన్ను ఏ వర్గంలో వేసిందో చాలాసార్లు అడిగాను. "నువ్వు ఇంకా ఉడకలేదులే" అనేది.

మా బడి రెండు వీధుల అవతల. తెలుగు మీడియం ఆడపిల్లల బడి, పెంకుల కప్పు, గదికీ గదికీ మధ్య సగం గోడ. పక్క తరగతిలో ఎక్కాలు చెబుతుంటే మా పద్యాల్లోకి వచ్చి పడేవి. ఆరో తరగతిలో నేను ఫస్టు ర్యాంకు. ఆ మాట ఇప్పుడు వినయంగా చెప్పుకుందామన్నా చేత కావడం లేదు, అప్పుడు అంత పొగరుగా ఉండేదాన్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని హెడ్మాస్టరు గారు గేటు దగ్గరి నల్లబల్ల మీద రోజూ మంచిమాట రాసే పని నాకే ఇచ్చారు. సైన్సులో ఏ ప్రశ్న వేసినా కొళాయి తిప్పినట్టు జవాబు వచ్చేది. ప్రాణి అంటే చలించునది, ఆహారము గ్రహించునది, శ్వాసించునది, పెరుగునది. అర్థమైందా అని ఎవరూ అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు.

ఆ ఏడు సైన్సు టీచరు కాన్పుకని సెలవు పెట్టి వెళ్ళింది. ఇంకొకరు దొరక్క, కుట్లు నేర్పే దయామణి టీచరుకు ఆ క్లాసు అప్పగించారు. పొట్టిగా, నల్లగా, జాకెట్టుకు ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులు గుచ్చుకుని ఉండేది. ఆదివారం చర్చిలో పాడే గొంతు, మామూలు రోజుల్లో మమ్మల్ని అదిలించడానికీ పనికొచ్చేది. మొదటి రోజే "నాకు సైన్సు రాదమ్మా, మీ పుస్తకం నేనూ మీతోపాటే చదువుకోవాల" అని చెప్పేసింది. టీచరు తనకు రాదని చెప్పడం మేం అంతకుముందు వినలేదు. ఆ తరువాత సంచిలోంచి పెద్ద బిస్కెట్ డబ్బా తీసి, మమ్మల్ని జట్లుగా కూర్చోబెట్టి, గచ్చు మీద గుప్పెళ్ళతో గుండీలు పోసింది.

"వేరు చెయ్యండి."

"ఎట్టా టీచర్?" అన్నాను నేను.

"నీకెట్టా తోస్తే అట్టా. ఎందుకట్టా చేసినావంటే మాత్రం జవాబు చెప్పాల."

మా జట్టు రంగుల ప్రకారం వేరు చేసింది. ఇంకో జట్టు చిల్లుల ప్రకారం, ఇంకోటి సైజు ప్రకారం. అందరివీ చూసి, బాగుందని చెప్పి, మళ్ళీ అన్నీ కలిపేసి "ఇప్పుడు ఇంకో రకంగా" అంది. నాకు ఒళ్ళు మండింది. రైటు జవాబు ఒకసారి చెప్పాక మళ్ళీ ఇంకో జవాబు ఎందుకు? చివరి వరసలో చెంగమ్మ అనే పిల్ల ఉండేది. వ్యాసర్పాడి వెళ్ళే దారిలో వాళ్ళ నాయనకు పాత ఇనుము, పాత కాయితాల కొట్టు. ఆరో తరగతి అప్పటికే ఒకసారి తప్పింది. ఆ రోజు ఆ పిల్ల గుండీలను ఒక్కొక్కటిగా బుగ్గకు ఆనించుకుని చూస్తుంటే మేమంతా నవ్వాం.

"ఏందే అది?" అంది టీచరు, కోపం లేకుండా.

"ఇవి సల్లగుండాయి టీచర్, ఇవి సముద్రం చిప్పతో చేసినవి. ఇవి సల్లగా లేవు. ఇవి ఉత్త ప్లాస్టిక్కు. కంటికి రెండూ ఒకటిగానే ఉంటాయి."

టీచరు తనూ రెండు గుండీలు తీసుకుని చెరో బుగ్గకూ పెట్టుకుంది. తరువాత క్లాసంతా వరసగా బుగ్గలకు గుండీలు పెట్టుకుని కూర్చున్నాం. సగం గోడ మీదుగా తొంగిచూసిన తెలుగు పంతులమ్మకు, మా అందరికీ ఒకేసారి పళ్ళనొప్పి వచ్చినట్టు కనబడి ఉంటుంది.

అప్పటి నుంచి సైన్సు పీరియడ్ అంటే గచ్చు మీదే. ఆకులు, ఈకలు, ఉప్పు, ఇసుక, మేకులు, ఎవరింట్లో ఏది దొరికితే అది. రెండు కుప్పలు కాక మూడో కుప్ప కూడా పెట్టించేది, ఏదో తేల్చుకోలేనివి దాంట్లో వేయాలి. అవ్వల మాట ప్రకారం వేడి చేసేవి, చలవ చేసేవి రాసుకుని రమ్మని ఒకరోజు చెప్పింది. మా అవ్వ చలవ అన్న కొబ్బరిని ఇంకో పిల్ల అవ్వ వేడి అందట. ఆ సంగతి మా ఇంట్లో చెబితే అవ్వ ఆ ముసలావిడ ఏ ఊరిదో కనుక్కుని రమ్మంది.

ఒకరోజు చెంగమ్మ పగిలిపోయిన పాత స్పీకరులోంచి అయస్కాంతం తెచ్చింది. పసుపుగా మెరిసే గుండీ ఒకటి నేను ఇత్తడి కుప్పలో వేశాను. చెంగమ్మ అయస్కాంతం దగ్గర పెట్టగానే అది టక్కున అతుక్కుంది. "పైన పూతే విమలా. లోపల ఇనుము" అంది. ఎగతాళి కాదు, కొట్టులో రోజూ చెప్పే మాటలా చెప్పింది. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

దాని తరువాత ప్రాణమున్నవీ లేనివీ. ఇక ఇది నా సొంత రాజ్యం అనుకున్నాను. నిర్వచనం గడగడా అప్పజెప్పి, దాని ప్రకారం పిడికెడు పెసలు ప్రాణం లేని కుప్పలో వేశాను. కదలవు, తినవు, ఊపిరి పీల్చవు. చెంగమ్మ వాటిని తీసి మూడో కుప్పలో పెట్టింది. "తడిగుడ్డలో కట్టి మూడు దినాలు చూసి చెప్తా టీచర్" అంది. మూడో రోజు టీచరు ఆ గుడ్డ విప్పి నా ముందు పరిచింది. ప్రతి గింజకూ తెల్లటి తోక.

"ఏమ్మా విమలా, నీ పెసలు నిద్ర లేచి కూచున్నాయే!"

క్లాసంతా గొల్లుమంది. ఇంటికి వచ్చి అవ్వతో చెప్పుకుంటే ఓదార్చుతుందనుకున్నాను. "పెసలకి ప్రాణం లేదన్నావా? వారానికో తూరి మొలకెత్తించి నీకే పెడతా ఉండానే!" అని అవ్వ కూడా నవ్వింది. ఇక నాకు లోకంలో దిక్కు లేకుండా పోయింది.

ఆ ఉత్తరం నేను రాసింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోంచేసి పడుకున్నాక. కొత్త నోటుపుస్తకం నడిమిలోంచి తెల్లకాగితం చించాను. 'మహారాజశ్రీ ప్రధానోపాధ్యాయుల వారి సముఖమునకు' అని మొదలుపెట్టి, తమ పాఠశాలలో ఆరవ తరగతి బాలికలకు విజ్ఞానశాస్త్ర పాఠములు చెప్పుటకు బదులు గుండీలు, చెత్త, పాత ఇనుము చూపించుచున్నారని, ఈ విధముగా అయిన మా బిడ్డల భవిష్యత్తు ఏమగునని రాసి, 'ఇట్లు, ఒక విద్యార్థిని తండ్రి' అని ముగించాను. ఆకాశరామన్న ఉత్తరం రాయడానికి ధైర్యం కంటే కాస్త తెలివి అవసరం. బడి గేటు దగ్గర రోజూ ఎవరి చేతిరాత వేలాడుతుందో ఆ తెలివి గల ఫస్టు ర్యాంకు పిల్లకు తట్టనే లేదు. సోమవారం పొద్దున అటెండెన్సు రిజిస్టరు తేవడానికి వెళ్ళినప్పుడు దాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆయన మంచివాడే, కానీ తల్లిదండ్రుల ఫిర్యాదు అంటే ఆయనకు జ్వరం వచ్చేది. మధ్యాహ్నం టీచరును పిలిపించారు. నేను రిజిస్టరు తిరిగి ఇచ్చే నెపంతో తలుపు పక్కన నిలబడ్డాను. "చూడమ్మా దయామణీ, పోర్షన్ ఎంత అయింది? పిల్లలు పుస్తకంలో ఒక్క ముక్క చెప్పలేకపోతే ఇన్‌స్పెక్షన్‌లో నేనేం చెప్పుకోవాల?" అన్నారు. "చెప్పలేకపోవచ్చు సార్. చూపిస్తారు" అంది ఆవిడ. మర్నాటి నుంచి సైన్సు క్లాసు హెడ్మాస్టరే తీసుకున్నారు.

నేను కోరుకున్నది నాకు దొరికింది. ఆయన గడియారం చూసుకుంటూ నోట్సు చెప్పేవారు, మేం రాసేవాళ్ళం. అంత వేగంగా రాయడం చెంగమ్మకు వచ్చేది కాదు. రాయనివాళ్ళు వరండాలో మోకాళ్ళ మీద నిలబడాలి. నాలుగు రోజులు నిలబడింది. ఐదో రోజు బడికి రాలేదు. వారం గడిచింది. చివరి వరసలో ఆ ఖాళీ చోటు నేను చూడకూడదనుకున్నకొద్దీ కనబడేది.

కుట్టు పీరియడ్‌లో దయామణి టీచరు నన్ను దగ్గరికి పిలిచింది. నా చేతిలోని గుడ్డముక్క తీసుకుని, వంకరపోయిన కుట్టు విప్పుతూ, నా మొహం చూడకుండా మాట్లాడింది.

"హెడ్మాస్టరు నాకొక కాయితం చూపించినాడు. రాత ముత్యాల్లాగుంది. చదివేదానికి మాత్రం కష్టమైంది."

తప్పయిందని చెప్పాలని నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. టీచరు కాసేపు ఏడవనిచ్చి, కొంగుతో నా మొహం తుడిచింది. "సరి సరి, చాలు. గుడ్డ తడిసిపోతా ఉంది. నువ్వు ఆ చెంగమ్మను పిలుచుకోని రా. అంతే నీ పని."

ఏడుపు తీరాక హెడ్మాస్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, ఆ ఉత్తరం నేనే రాశానని. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, "నాకు తెలీదనుకున్నావా? కానీ నువ్వు రాసిన మాట రేపు నిజంగా ఒక తండ్రి వచ్చి అడిగితే?" అన్నారు. ఆయన క్లాసు తిరిగి ఇవ్వలేదు. దయామణి టీచరు దానికి బాధపడుతూ కూర్చోలేదు. "కుట్టు పీరియడ్ నాదే గదా, దాన్ని ఎవురూ అడగరు" అంది. వారానికి రెండు కుట్టు పీరియడ్లలో ఒళ్ళో గుడ్డలు పరుచుకుని, గుడ్డల కింద రాళ్ళు, గింజలు, గవ్వలు వేరు చేసేవాళ్ళం. ఒకసారి హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి ఏం కుడుతున్నారని అడిగితే "జేబులు సార్" అంది, ఆ జేబుల్లో అప్పటికే రెండు పేడపురుగులు ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి వెళ్ళిపోయారు. ఆయనకు తెలియదని ఇప్పుడు నేను అనుకోవడం లేదు. మా తరగతిలో ఆ ఏడు ఒక్క పిల్లకూ కుట్టు రాలేదు. ఈ రోజుకీ నా జాకెట్టుకు హుక్కు ఊడితే వీధి చివర టైలరు దగ్గరికి పోవాల్సిందే.

చెంగమ్మను పిలుచుకుని రావడం అంత సులువు కాలేదు. నేను వెళ్ళేసరికి కొట్టు ముందు గోనెపట్టా మీద కూర్చుని గిన్నెలు, తీగలు, తాళాలు వేరు చేస్తోంది. నేను వచ్చిన పని చెబితే వాళ్ళ నాయన తలెత్తకుండా అన్నాడు, "ఆడ మోకాళ్ళ మీద నిలబడేదానికి పోవాల్నా పాపా? ఈడ కూచుంటే పనన్నా అవతాది." నేను వెనక్కి పోకుండా గోనెపట్టా మీద చతికిలబడ్డాను. చెంగమ్మ ఒక గిన్నె, ఒక తీగ నా ముందుకు తోసి ఏ కుప్పలో వేయాలో చెప్పమంది. రెండూ తప్పు చెప్పాను. "నీకు ర్యాంకు ఎవురిచ్చినారు మే?" అని పడిపడి నవ్వింది. వాళ్ళ నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఒక బేరం కుదిరింది. శనివారం శనివారం నేను కొట్టుకు వచ్చి దానికి నోట్సు రాసిపెట్టాలి, ఎక్కాలు, స్పెల్లింగులు చెప్పాలి. అది నాకు రాగికీ ఇత్తడికీ, తగరానికీ సీసానికీ తేడా నేర్పాలి. పై సోమవారం చెంగమ్మ బడికి వచ్చింది. ఆరో తరగతి గట్టెక్కింది, ఎనిమిది దాకా చదివింది. నేను బడి ముగించేదాకా ఆ శనివారాలు ఆగలేదు. ఆ ఉత్తరం సంగతి మాత్రం దానికి చెప్పలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ అది ఏదో ఒక డొక్కు తాళం నా చేతిలో పెట్టేది.

దయామణి టీచరు పోయి చాలా ఏళ్ళయింది. నేను రైల్వే ఆఫీసులో ఫైళ్ళు సర్దుతూ రిటైరయ్యాను. ఇప్పటి పిల్లలకు రంగుల పెట్టెలున్నాయి, గోడమీద వీడియోలున్నాయి, పేడపురుగును మాత్రం తాకనివ్వరు. అలాగని మా కాలమే గొప్పదని చెప్పడానికి నోరు రాదు. మైలాపూరు టీచరు మా మనవరాలు తప్పు చెప్పిందనుకున్నా దాన్ని వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టలేదు. "కన్నా" అనే పిలిచింది. నేను నవ్వినందుకు ఆ టీచరమ్మాయికి క్షమాపణ చెప్పి ఉండాల్సింది. ఆ ఆలోచనే నన్ను ఇంకొకరి దగ్గరికి తీసుకుపోయింది. పై వారం పెరంబూరు వెళ్ళాను.

కొట్టు ఇప్పుడు అల్లుడు చూసుకుంటున్నాడు. చెంగమ్మ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చే సరుకు మీద ఓ కన్ను వేసి ఉంది. నేను కూర్చోకముందే చెప్పేశాను, కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని.

"చెంగమ్మా, దయామణి టీచరు మీద అప్పట్లో హెడ్మాస్టరుకు ఉత్తరం పోయింది గదా. అది రాసింది నేనే."

"తెల్సులే. కూచో ముందు."

"ఎట్టా తెల్సు?"

"రెండేళ్ళకి ఆ సారు రిటైరయ్యి పోయినాక ఆపీసు కాయితాలన్నీ ఈడికే వచ్చినాయి. తెల్లవి ఒక పక్క, రంగువి ఒక పక్క వేరు చేసింది నేనే గదా. వెయ్యి కాయితాల్లో ఉన్నా నీ రాత తెలవదా నాకు? ఏ శనగల పొట్లమై పోయిందో అది."

నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. "మరి ఇన్నేళ్ళూ నన్ను అడగలేదే?"

చెంగమ్మ తూకం మీద పెట్టిన పాత పంకా వైపు చూసింది.

"అడిగితే నువ్వు శనివారం రాకుండా పోతావని."

అది అల్లుణ్ణి కేకేసి రెండు టీలు చెప్పింది. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"దాంట్లో విజ్ఞానం అనే మాటకి ఒత్తు తప్పు రాసినావు మే. మూడు చోట్ల. అదే మాట నా చేత పదిసార్లు దిద్దించినావే! ఫస్టు ర్యాంకు పిల్ల గదా, పరువు పోతాదని ఎవురికీ చెప్పలా."